శ్రీహరికోట రాకెట్ కంటే ముందు హైదరాబాద్ బెలూన్: న్యూట్రాన్ స్టార్ ఎక్స్-రేల వెనక మన కథ

ఈ ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు నేనొక తప్పు ఒప్పుకోవాలి.

2022 డిసెంబర్‌లో వికారాబాద్ జిల్లాలో ఒక పొలంలో పెద్ద వింత వస్తువొకటి దిగింది, గుర్తుందా? వాట్సాప్ గ్రూపులన్నీ ఆ వీడియోతోనే నిండిపోయాయి. అప్పటికి నేనింకా సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలోనే ఉన్నాను, ఛానెల్ కొత్తగా పెట్టాను. ఆ రాత్రే ఒక షార్ట్ చేసి పడేశా. "తెలంగాణలో ఏలియన్ షిప్?" అని థంబ్‌నెయిల్. నా ఛానెల్‌కి అప్పటిదాకా రాని వ్యూస్ వచ్చాయి.

తర్వాత అసలు విషయం బయటికొచ్చింది. ఒక స్పెయిన్ కంపెనీ, మనుషుల్ని బెలూన్‌లో పైకి తీసుకెళ్ళే క్యాప్సూల్ తయారుచేస్తూ, ఖాళీ క్యాప్సూల్‌ని టెస్ట్ చేసింది. ఎగరేసింది హైదరాబాద్‌లోని టీఐఎఫ్ఆర్ బెలూన్ ఫెసిలిటీ నుంచి. అంతే. ఏలియన్ లేదు, గీలియన్ లేదు.

మాది కాణిపాకం. మా ఊరి వినాయకుడికి సత్యప్రమాణాల దేవుడని పేరు. అప్పు తీసుకోలేదన్నోడైనా, దొంగతనం చేయలేదన్నోడైనా, ఆ గుళ్ళో ప్రమాణం చేయమంటే ఒక్క క్షణం ఆలోచిస్తాడు. అలాంటి ఊళ్ళో పుట్టి నేను చేసిన పని ఇది. షార్ట్ డిలీట్ చేశాను. కానీ "అసలు హైదరాబాద్‌లో బెలూన్ ఫెసిలిటీ ఎందుకుంది?" అనే ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. దాన్ని పట్టుకుని చదువుకుంటూ పోతే, వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న న్యూట్రాన్ స్టార్ల దగ్గర తేలాను. ఈ రోజు ఆ కథే.

ముందు 2015కి వెళ్దాం. సెప్టెంబర్ 28, సోమవారం. నేను బీటెక్ ఫస్టియర్. మా ఊర్లో వినాయక చవితి ఒక్క రోజుతో అయిపోదు, ఉత్సవాలు 21 రోజులు జరుగుతాయి. ఆ ఏడాది చవితి 17న వచ్చింది కాబట్టి, 28న ఊరంతా ఇంకా జనమే. కాలేజీ ఎగ్గొట్టి నేనూ ఇంట్లోనే ఉన్నాను. పొద్దున 10 గంటలకి శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ30 లేచింది. అందులో ఆస్ట్రోశాట్ ఉంది. అంతరిక్షాన్ని చూడడానికే మన దేశం కట్టిన మొదటి అబ్జర్వేటరీ అది, బరువు ఒకటిన్నర టన్ను. ఫోన్‌లో నెట్ రాలేదు, టీవీలో చూశాం. మా అవ్వ పక్కనే కూర్చుని పూలు కడతా ఉండింది.

"ఏమిరా అబ్బోడా, అదేం చేస్తాది పైకి పోయి?"

"నక్షత్రాల నుంచి వచ్చే ఎక్స్-రేలు చూస్తాదవ్వా."

"నక్షత్రాలకి కూడా ఎక్స్-రే తీస్తారా? వాటికేం జబ్బు?"

నవ్వేశాను. కానీ నిజానికి నాకూ తెలీదు. నక్షత్రం నుంచి ఎక్స్-రే ఎందుకొస్తుంది? దాన్ని చూడ్డానికి అంత ఎత్తుకి ఎందుకు పోవాలి? అవ్వకి ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు ఇప్పుడు చెప్తాను.

మా ఊరి పేరుతోనే మొదలుపెడదాం. కాణి అంటే పొలం కొలత, పారకం అంటే నీళ్ళు పారడం అని మా పెద్దోళ్ళు చెప్తారు. బావిలో స్వామి వెలిసినప్పుడు భక్తులు కొట్టిన కొబ్బరికాయల నీళ్ళు కాణి నేల మేర పారాయని, అందుకే కాణిపారకం అన్నారని, అదే కాణిపాకం అయిందని స్థలపురాణం. ఆకాశంలో కూడా ఇలాంటి పారకం ఒకటుంది. అక్కడ పారేది నీళ్ళు కాదు, నక్షత్రపు గ్యాస్.

రెండు నక్షత్రాలు జంటగా ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయనుకోండి. అందులో పెద్దది తన ఇంధనం అయిపోయి పేలిపోయింది. మిగిలిన గుండెకాయ లాంటి భాగం నలిగి నలిగి న్యూట్రాన్ స్టార్ అయింది. బరువు మన సూర్యుడికంటే ఎక్కువ, దాదాపు 1.4 రెట్లు. సైజు మాత్రం అడ్డంగా 24 కిలోమీటర్ల లెక్క. అంటే మా ఊరి నుంచి చిత్తూరు పోయి తిరిగి రావడమంత దూరం. అంత బరువు అంత చిన్న చోట ఉంటే దాని ఆకర్షణ ఎట్లుంటుందో ఊహించండి. పక్కనున్న నక్షత్రం గ్యాస్‌ని అది లాక్కుంటుంది. ఆ గ్యాస్ చుట్టూ సుడి తిరుగుతూ ఒక పళ్ళెంలా ఏర్పడి, మెల్లగా లోపలికి దిగి, చివరికి న్యూట్రాన్ స్టార్ మీద పడుతుంది. దీన్నే అక్రీషన్ అంటారు.

ఆ పడడంలో ఎంత శక్తి ఉందో నేను ఒక లెక్క వేశాను. ఒక కిలో బరువున్న కొబ్బరికాయని అక్కడ పైనుంచి వదిలితే, అది నేలను తాకేసరికి వెలుగు వేగంలో సగానికి పైగా వేగంతో ఉంటుంది. ఆ ఒక్క కాయ దెబ్బకి విడుదలయ్యే శక్తి సుమారు 430 కోట్ల యూనిట్ల కరెంటుతో సమానం. నెలకి 200 యూనిట్లు కాల్చే ఇళ్ళు 17 లక్షలకి పైగా ఏడాది పొడుగునా వాడుకోవచ్చు. ఒక్క కొబ్బరికాయ! సూర్యుడిలో జరిగే ఫ్యూజన్ కూడా అదే బరువుకి ఇందులో ఇరవయ్యో వంతు శక్తి ఇవ్వలేదు.

ఇంత శక్తి పుడితే గ్యాస్ కోట్ల డిగ్రీలకి వేడెక్కుతుంది. ఇనుము కాలితే ఎర్రగా, ఇంకా కాలితే తెల్లగా వెలుగుతుంది కదా. కోట్ల డిగ్రీల దగ్గర వెలుగు మన కంటికి కనపడే వెలుగుగా ఉండదు, ఎక్స్-రే అవుతుంది. ఇందులో తక్కువ ఎనర్జీ ఉన్నవాటిని సాఫ్ట్ అని, ఎక్కువ ఉన్నవాటిని హార్డ్ అని అంటారు. ఎనర్జీని కేఈవీ అనే యూనిట్‌లో కొలుస్తారు. మన కథకి సుమారు 20 కేఈవీ దాటినవి హార్డ్ అనుకుందాం. ఆస్పత్రిలో మన ఛాతీలోంచి దూసుకుపోయేవి కూడా ఈ రకమే.

ఇప్పుడు అవ్వ అడగని ఇంకో ప్రశ్న. ఒంట్లోంచి దూరిపోయే ఎక్స్-రే, గాల్లోంచి దూరి నేల దాకా ఎందుకు రాదు? ఎందుకంటే మన నెత్తి మీదున్న గాలంతా కలిపితే పది మీటర్ల లోతు నీళ్ళంత బరువు. అంటే మనమందరం పది మీటర్ల నీళ్ళున్న బావి అడుగున కూర్చుని ఆకాశం చూస్తున్నట్టే. ఏ ఎక్స్-రే అయినా పైనే ఇంకిపోతుంది. కానీ 40 కిలోమీటర్ల ఎత్తుకి పోతే, ఇంకా పైన మిగిలిన గాలి మూడు సెంటీమీటర్ల నీళ్ళంత మాత్రమే. చెంబు అడుగున మిగిలిన నీళ్ళు. సాఫ్ట్ ఎక్స్-రేలు దాన్ని కూడా దాటలేవు. హార్డ్ ఎక్స్-రేలు దాటగలవు. 20 కేఈవీ దగ్గర పదో వంతు, 60 కేఈవీ దగ్గర సగానికి పైగా కిందికి వస్తాయి.

40 కిలోమీటర్లు అంటే బెలూన్ వెళ్ళగలిగే ఎత్తు. ఈ ఒక్క విషయం వల్లే డబ్బు లేని దేశాలకి కూడా ఈ ఆటలోకి ఎంట్రీ దొరికింది.

1962 జూన్ 18న అమెరికాలో రికార్డో జియాకోనీ, బ్రూనో రోసీ వాళ్ళ టీమ్ ఒక చిన్న రాకెట్ ఎగరేసింది. చంద్రుడి నుంచి ఎక్స్-రేలు వస్తాయేమో చూద్దామనుకున్నారు. గాలి పొర దాటి పైన ఉన్నది ఆరు నిమిషాల లోపే. అంతలోనే వృశ్చిక రాశి వైపు నుంచి దిమ్మతిరిగే ఎక్స్-రే వెలుగు కనపడింది. దానికి స్కో ఎక్స్-1 అని పేరు పెట్టారు. సూర్యుణ్ణి పక్కన పెడితే మన ఆకాశంలో ఎప్పుడూ వెలుగుతూ ఉండే ఎక్స్-రే మూలాల్లో అదే అన్నిటికంటే ప్రకాశవంతమైనది. అది గ్యాస్ లాక్కుంటున్న న్యూట్రాన్ స్టార్ అయ్యుండొచ్చని 1967లో సోవియట్ శాస్త్రవేత్త ష్క్లోవ్‌స్కీ చెప్పాడు. జియాకోనీకి 2002లో నోబెల్ వచ్చింది.

రాకెట్‌తో ఇబ్బంది ఏంటంటే, నిమిషాల్లో పని ముగిసిపోతుంది. బెలూన్ అయితే గంటల తరబడి పైన తేలుతుంది. 1964లో ఎంఐటీకి చెందిన జార్జ్ క్లార్క్ టెక్సస్ నుంచి బెలూన్ ఎగరేసి క్రాబ్ నెబ్యులా నుంచి హార్డ్ ఎక్స్-రేలు పట్టాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే బి.వి. శ్రీకంఠన్ అనే ఇండియన్ ఎంఐటీకి వెళ్ళాడు. ఈయన గురించి తెలిసినప్పుడు నాకు భలే సంబరమేసింది. ఎందుకంటే ఈయన అంతకుముందు, 1950లలో, మా చిత్తూరు జిల్లా బార్డర్ దాటగానే ఉండే కోలార్ బంగారు గనుల్లో పనిచేశాడు. గనుల అడుగుకి దిగి, కాస్మిక్ కిరణాలు భూమిలోకి ఎంత లోతు దాకా వస్తాయో కొలిచాడు. మా కుప్పం వైపు జనానికి కేజీఎఫ్ అంటే సినిమా కంటే ముందు పక్క ఊరు. ఆ గని లోతుల్లో కొలతలు మొదలుపెట్టిన మనిషి, తర్వాత బెలూన్ ఎత్తుకి చూపు తిప్పాడు. తిరిగొచ్చి ముంబైలోని టీఐఎఫ్ఆర్‌లో ఎక్స్-రే ఆస్ట్రానమీ గ్రూప్‌ని నడిపించాడు.

సరే, టీఐఎఫ్ఆర్ ముంబైలో ఉంటే బెలూన్లు హైదరాబాద్ నుంచి ఎందుకు?

ఇది కథలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం. అంతరిక్షం నుంచి చార్జ్ ఉన్న కణాలు, అంటే కాస్మిక్ కిరణాలు, వర్షంలా పడుతూనే ఉంటాయి. ఇవి డిటెక్టర్‌ని తాకితే దొంగ సిగ్నల్ వస్తుంది. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే నాయిస్. నక్షత్రం నుంచి వచ్చేవి నాలుగు, నాయిస్ నలభై అయితే ఏం కొలుస్తారు? కానీ భూమికి అయస్కాంత క్షేత్రం ఉంది. అయస్కాంత భూమధ్యరేఖ దగ్గర అది గొడుగులా పనిచేసి, ఎక్కువ ఎనర్జీ ఉన్న కణాలను తప్ప మిగతావాటిని పక్కకి తోసేస్తుంది. హైదరాబాద్ ఆ గొడుగు కింద ఉంది. టెక్సస్‌లో బెలూన్‌ని చేరడానికి చాలే ఎనర్జీ ఇక్కడ చాలదు, మూడు నాలుగు రెట్లు కావాలి. అంటే మన ఆకాశం హార్డ్ ఎక్స్-రేలకి నిశ్శబ్దంగా ఉండే ఆకాశం. హోమీ భాభా కాలంలో, 1950ల నుంచే, టీఐఎఫ్ఆర్ వాళ్ళు కాస్మిక్ కిరణాల కోసం హైదరాబాద్ నుంచి బెలూన్లు ఎగరేస్తూ వచ్చారు. 1970 ప్రాంతంలో ఈసీఐఎల్ దగ్గర శాశ్వత కేంద్రం ఏర్పడింది.

బెలూన్ అంటే పుట్టినరోజు బెలూన్ కాదు. పాల ప్యాకెట్ కంటే పలచని ప్లాస్టిక్ ఫిల్మ్‌ని పొడవాటి ముక్కలుగా కోసి, అంచులు అతికిస్తారు. నేల మీద హైడ్రోజన్ కొంచెమే నింపుతారు, పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి అదే ఉబ్బుతుంది. కింద వేలాడే పెట్టెలో డిటెక్టర్, దాన్ని నక్షత్రం వైపు తిప్పే యంత్రం, రేడియో. అతుకు ఒక్క చోట ఊడితే నెలల కష్టం గంటలో నేలపాలు.

1968లో హైదరాబాద్ నుంచి లేచిన టీఐఎఫ్ఆర్ బెలూన్లు స్కో ఎక్స్-1ని హార్డ్ ఎక్స్-రేల్లో కొలిచాయి. అమెరికా రాకెట్ దాన్ని కనిపెట్టిన ఆరేళ్ళకే! ఆ టీమ్‌లో శ్రీకంఠన్‌తో పాటు పి.సి. అగ్రవాల్, ఆర్.కె. మంచందా లాంటి కుర్రాళ్ళు ఉన్నారు. అప్పటికి మన దేశం ఒక్క శాటిలైట్ కూడా పంపలేదు.

స్కో ఎక్స్-1లో ఒక తలనొప్పి ఉంది. దాని ఎక్స్-రేల్లో ఎక్కువ భాగం ఐదారు కోట్ల డిగ్రీల వేడి గ్యాస్ నుంచి వస్తాయి. ఆ లెక్క ప్రకారం 40 కేఈవీ దాటాక దాదాపు ఏమీ ఉండకూడదు. కానీ కొన్ని బెలూన్లకి అక్కడ కూడా కొంత వెలుగు కనపడింది, కొన్నిటికి కనపడలేదు. ఎవరి కొలత తప్పు? సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఈ బాధ బాగా తెలుసు. పోయిన వారం వచ్చిన బగ్ ఈ వారం రాదు, అంత మాత్రాన బగ్ లేదని కాదు. ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ చూస్తే తేలింది: మారుతున్నది ఆ నక్షత్రమే. న్యూట్రాన్ స్టార్ చుట్టుపక్కల ఉన్న వేగమైన ఎలక్ట్రాన్లు సాఫ్ట్ ఎక్స్-రేలని తన్ని హార్డ్ చేస్తాయి, అది కొన్నిసార్లే జరుగుతుంది.

ఇంకో రకం జంటలు ఉన్నాయి, ఎక్స్-రే పల్సార్లు. వాటిలో న్యూట్రాన్ స్టార్ అయస్కాంత శక్తి భూమి కంటే లక్షల కోట్ల రెట్లు ఎక్కువ. లోపలికి వచ్చే గ్యాస్‌ని ఆ శక్తి కాలువలా మళ్ళించి ధ్రువాల మీద పోస్తుంది. అక్కడ గ్యాస్ నేలకి గుద్దుకుని హార్డ్ ఎక్స్-రేలు చిమ్ముతుంది. నక్షత్రం తిరుగుతుంటే లైట్‌హౌస్‌లా ఆ వెలుగు మనల్ని తాకి పోతుంటుంది. 1970 డిసెంబర్ 12న కెన్యా తీరం నుంచి లేచిన ఉహురు శాటిలైట్ ఇలాంటివి పట్టుకుంది. సెన్ ఎక్స్-3 అయితే 4.8 సెకన్లకి ఒకసారి, హెర్ ఎక్స్-1 అయితే 1.24 సెకన్లకి ఒకసారి. ఉహురు కూడా భూమధ్యరేఖ దగ్గర నుంచే లేచింది, గమనించండి.

మరి అంత అయస్కాంత శక్తి ఉందని ఎవరు కొలిచారు? శాటిలైట్ కాదు, మళ్ళీ బెలూనే. 1976 మే 3న జర్మనీకి చెందిన యోఆహిమ్ ట్రుంపర్ టీమ్ టెక్సస్ నుంచి ఎగరేసిన బెలూన్ హెర్ ఎక్స్-1ని చూసింది. దాని హార్డ్ ఎక్స్-రేల్లో ఒక ప్రత్యేకమైన గుర్తు కనపడింది. అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రాన్లు సుడి తిరుగుతూ ఒక ఖచ్చితమైన ఎనర్జీ ఉన్న ఎక్స్-రేలనే మింగుతాయి. ఆ ఎనర్జీ ఎంతో తెలిస్తే క్షేత్రం ఎంతో లెక్క కట్టొచ్చు. న్యూట్రాన్ స్టార్ అయస్కాంత శక్తిని మనిషి నేరుగా కొలవడం అదే మొదటిసారి. పలచటి ప్లాస్టిక్ సంచి కింద వేలాడిన పెట్టెతో!

హైదరాబాద్ బెలూన్లు కూడా ఆగలేదు. సోడియం అయోడైడ్ స్ఫటికాల తర్వాత జినాన్ గ్యాస్ నింపిన పెద్ద డిటెక్టర్లు వచ్చాయి. 1990ల మొదట్లో అవి జీఎక్స్ 1+4 అనే పల్సార్‌ని చూశాయి. దీని కథ వింతగా ఉంటుంది. 1970లో కనిపెట్టినప్పుడు రెండు నిమిషాల పైచిలుకుకి ఒక చుట్టు తిరిగేది. 1970లంతా వేగం పెంచుకుంటూ పోయింది. మీద పడే గ్యాస్ రంగులరాట్నాన్ని తోసినట్టు తోస్తుంది కాబట్టి అది అర్థమయ్యేదే. 1980లలో ఉన్నట్టుండి మసకబారి కనపడకుండా పోయింది. మళ్ళీ కనపడినప్పుడు చూస్తే, వేగం తగ్గుతోంది! తోసే గ్యాసే దాన్ని ఎందుకు ఆపుతోందన్నది ఇప్పటికీ శాస్త్రవేత్తలు వాదించుకునే విషయమే. అలాంటి సమయంలో దాని హార్డ్ ఎక్స్-రే పల్స్‌లని లెక్కపెట్టిన వాటిలో మన హైదరాబాద్ బెలూన్ ఒకటి.

పని అయిపోయాక ఏమవుతుంది? కింద నుంచి రేడియో కమాండ్ ఇస్తే తాడు తెగుతుంది, పెట్టె పారాచ్యూట్‌తో దిగుతుంది. ఎక్కడ దిగుతుందో గాలి ఇష్టం. తెలంగాణ, ఆంధ్ర, కర్ణాటక, మహారాష్ట్రల్లో ఏ కంది చేనైనా కావచ్చు. ముట్టుకోవద్దు, లోపల హై వోల్టేజ్ ఉండొచ్చు, దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కి చెప్పండి, చెప్పినవాళ్ళకి బహుమతి ఇస్తాం అని టీఐఎఫ్ఆర్ ప్రకటనలు ఇస్తూ ఉంటుంది. ఒక్కసారి ఆలోచించండి. నెలల తరబడి కట్టిన డిటెక్టర్ మళ్ళీ ఎగరాలంటే, దాన్ని చూసిన రైతు విప్పి పాత ఇనుముకి అమ్మకుండా ఫోన్ చేయాలి. మన దేశంలో ఈ సైన్స్ సగం ప్లాస్టిక్ మీద, సగం నమ్మకం మీద నడిచింది.

ఇక రాకెట్ల వైపు వద్దాం. 1975 ఏప్రిల్ 19న సోవియట్ రాకెట్ మీద వెళ్ళిన మన మొదటి శాటిలైట్ ఆర్యభటలో కూడా ఎక్స్-రే పరికరం ఉంది. కొద్ది రోజులకే పవర్ సమస్య వచ్చి ప్రయోగాలు ఆగిపోయాయి. 1996 మార్చి 21న శ్రీహరికోట నుంచి ఐఆర్ఎస్-పీ3 శాటిలైట్‌తో పాటు ఒక చిన్న ఎక్స్-రే పరికరాల సెట్ వెళ్ళింది. ఆ తర్వాత 2015లో ఆస్ట్రోశాట్.

ఆస్ట్రోశాట్‌లో లాక్స్‌పీసీ అనే పరికరం ఉంది. 3 నుంచి 80 కేఈవీ దాకా చూసే మూడు పెద్ద డిటెక్టర్లు. లోపల జినాన్ గ్యాస్. ఎక్కడో విన్నట్టుంది కదా? బెలూన్ల కింద వేలాడిన డిటెక్టర్ల వారసులే ఇవి. కట్టింది టీఐఎఫ్ఆరే. అంతరిక్షానికి పంపే ముందు 2008లో ఈ డిటెక్టర్‌ని హైదరాబాద్ నుంచి బెలూన్‌లో ఎగరేసి పరీక్షించారు. 1968లో కుర్రాడిగా ఉన్న అగ్రవాల్ ఆస్ట్రోశాట్‌ని ముందుండి నడిపించిన వాళ్ళలో ఒకడు. దాని కక్ష్య చూడండి: భూమధ్యరేఖకి 6 డిగ్రీల వంపు మాత్రమే. ఎందుకు? నాయిస్ తక్కువ కాబట్టి. హైదరాబాద్‌ని ఎంచుకున్న కారణమే, 650 కిలోమీటర్ల ఎత్తులో.

అన్నీ సాఫీగా జరిగాయని చెప్పను. మూడు డిటెక్టర్లలో ఒకదాంట్లో గ్యాస్ లీకై 2018లో ఆపేయాల్సి వచ్చింది. ఇంకోటి సతాయించింది. అయినా ఐదేళ్ళకని కట్టిన ఆస్ట్రోశాట్ పదేళ్ళు దాటింది. ట్రుంపర్ బెలూన్ చూసినలాంటి అయస్కాంత గుర్తుల్ని గ్రో జే2058+42 లాంటి పల్సార్లలో లాక్స్‌పీసీ పట్టుకుంది. 2024 జనవరి 1న అదే శ్రీహరికోట నుంచి ఎక్స్‌పోశాట్ కూడా లేచింది. ఎక్స్-రేల అలలు ఏ దిక్కుకి ఊగుతున్నాయో కొలవడం దాని పని.

పోయిన చవితికి ఇంటికి వెళ్ళినప్పుడు అవ్వకి ఇదంతా చెప్పాను. పూర్తిగా విన్నది. "ఇంత దుడ్డు పెట్టి ఇది తెల్సుకోని ఏం చేస్తారు నాయనా?" అనింది. నిజమే చెప్పాను. దీంతో బియ్యం ధర తగ్గదు. కానీ అంత ఒత్తిడి, అంత అయస్కాంత శక్తి భూమ్మీద ఏ ల్యాబ్‌లోనూ తయారుచేయలేం. పదార్థం అక్కడ ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే ఆ ఎక్స్-రేలు చదవడం తప్ప పెద్దగా దారి లేదు. అవ్వకి అది ఎంత ఎక్కిందో తెలీదు. ఆమెకి నచ్చింది పెట్టెల సంగతి.

"చేన్లో పడితే ఇచ్చేయాల గదా. మంది సొమ్ము మనకెందుకు?"

నా షార్ట్ గుర్తొచ్చింది. ఎవరో ముక్కూ మొహం తెలియని రైతులు తమ చేలో దిగిన పెట్టెని పదిలంగా తిరిగిచ్చారు. నేను దాని వీడియో చూసి ఒక్క ఫోన్ కాల్ కూడా చేయకుండా ఏలియన్ అని అమ్ముకున్నాను.

కాబట్టి ఈ ఎపిసోడ్‌కి థంబ్‌నెయిల్‌లో బెలూన్ బొమ్మే పెట్టాను, ప్రశ్నార్థకం పెట్టలేదు. రేపు మీ ఊరి మీద తెల్లగా మెరుస్తూ మెల్లగా కదిలేది ఏదైనా కనపడినా, చేలో పారాచ్యూట్ దిగినా, ముట్టుకోకుండా ముందు పోలీసులకి చెప్పండి. వీడియో తర్వాత తీసుకోవచ్చు. ఆ పెట్టెలో ఏ నక్షత్రం లెక్క ఉందో మనకేం తెలుసు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.